లేక్ లూయిస్ ఒడ్డున రెండు రాత్రులు: రాకీస్‌లో మేం పెట్టిన ఖర్చు ఎక్కడ ఫలించిందంటే

పొద్దున ఐదున్నర దాటిందేమో, అమ్మ నన్ను తట్టి లేపింది. "లేవ్వే, కొండకి ఎండ తగిలింది" అంది. తెర పక్కకి లాగి చూస్తే లోయంతా ఇంకా నీడలోనే ఉంది. ఎదురుగా మౌంట్ విక్టోరియా కొండ మీద గ్లేసియర్ (మెల్లగా కదిలే మంచు మేట) పైఅంచు ఒక్కటే గులాబీ రంగులో వెలుగుతోంది. శాలువాలు కప్పుకుని గబగబా కిందికి దిగాం. ఒడ్డున పాతిక ముప్ఫై మంది ఉన్నారు, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఆ గులాబీ రంగు మెల్లగా కొండ దిగుతూ బంగారు రంగయింది, కాసేపటికి మామూలు ఎండయిపోయింది. అంతా కలిపి ఇరవై నిమిషాలు. జులైలో కూడా వేళ్లు కొంకర్లు పోయేంత చలి. అమ్మ మాత్రం లోపలికి రానంది.

కెనడాలోని రాకీస్ పర్వతాల్లో ఆరు రాత్రులున్నాం. మా వారు, నేను, తొమ్మిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అమ్మ. బ్యాన్ఫ్‌లో రెండు రాత్రులు, లేక్ లూయిస్‌లో రెండు, ఎమరాల్డ్ లేక్ దగ్గర రెండు. మూడు చోట్లా ఖరీదైన గదులే తీసుకున్నాం. అలా చేయక్కర్లేదని తిరిగొచ్చాక అర్థమైంది. ఇక్కడ డబ్బు పెట్టి కొనుక్కోవాల్సింది మెత్తటి పరుపు కాదు, జనం రాకముందు, వెళ్లిపోయాక సరస్సు పక్కన ఉండగలగడం. ఆ లెక్కన చూస్తే మూడు చోట్లూ ఒకలాంటివి కావు.

ముందు బ్యాన్ఫ్ సంగతి. క్యాల్గరీ విమానాశ్రయం నుంచి గంటన్నర ప్రయాణం. దారంతా నాలుగు వరసల హైవే. జింకలు, ఎలుగుబంట్లు రోడ్డు దాటడానికి హైవే మీద చెట్లు నాటిన వంతెనలు కట్టారు. పాప వాటిని లెక్కపెడుతూనే కూర్చుంది. 1885లో ఏర్పడ్డ బ్యాన్ఫ్ కెనడాలో మొట్టమొదటి జాతీయ పార్కు. రైల్వే కంపెనీ అయిన కెనేడియన్ పసిఫిక్ తన రైళ్లు నింపుకోవడానికి ఈ కొండల్లో పెద్ద పెద్ద హోటళ్లు కట్టింది. కోటలా కనిపించే బ్యాన్ఫ్ స్ప్రింగ్స్ హోటల్ 1888లో తెరిచినది. మొదట కట్టినప్పుడు నక్షా తిరగేసి కట్టడంతో నది కనిపించే వైపు వంటగది వచ్చిందని ఓ కథ చెబుతారు.

మేం దిగింది అక్కడ కాదు, ఊళ్లోని ఇంకో హోటల్లో. "మౌంటెన్ వ్యూ" గది అని అదనంగా కట్టాం. తీరా చూస్తే కిటికీకి అడ్డంగా రెండు పొడవాటి స్ప్రూస్ చెట్లు, వాటి సందులోంచి కొండ ఓ ముక్క. రిసెప్షన్‌లో అడిగితే ఈ ధరకి వచ్చే వ్యూ అంతేనన్నారు. ఖాళీ చేసేటప్పుడు బిల్లులో రోజుకింతని రిసార్ట్ ఫీజు, దాని మీద పన్ను. బుక్ చేసినప్పుడు సన్న అక్షరాల్లో ఉందట, మేం చూడలేదు. డబ్బు కన్నా అమ్మ ముందు చిన్నబోయినందుకు బాధేసింది, ఎందుకంటే ఆ గది తన కోసమే తీసుకున్నాం. మీరు మాత్రం ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: కిటికీలోంచి ఏం కనిపిస్తుంది, పన్నులు, ఫీజులు అన్నీ కలిపి మొత్తం ఎంత అవుతుంది. అసలు బ్యాన్ఫ్‌లో వ్యూ కోసం డబ్బు పోయక్కర్లేదు. బో నది ఒడ్డున నడిస్తే కొండలన్నీ ఉచితంగానే కనిపిస్తాయి. సల్ఫర్ మౌంటెన్ మీదికి తీసుకెళ్లే గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) టికెట్టు ఎవరైనా కొనుక్కోవచ్చు. శుభ్రంగా ఉన్న మామూలు గది చాలు.

లేక్ లూయిస్ అలా కాదు. సరిగ్గా నీటి ఒడ్డున ఉన్నది ఒక్కటే హోటల్, ఫెయిర్‌మాంట్ హోటళ్ల కంపెనీ వారి షాటో లేక్ లూయిస్. వేసవిలో సరస్సు వైపు గది రాత్రికి వెయ్యి కెనడా డాలర్లు దాటుతుంది. బుక్ చేసేటప్పుడు చెయ్యి వణికింది, నిజం. కానీ పొద్దున పదకొండుకి అదే ఒడ్డు చూస్తే జాతరే. కార్లకి చోటుండదు, ఫొటో తీసుకోవడానికి కూడా వరస. రాత్రి ఎనిమిదికి మళ్లీ ఖాళీ అవుతుంది. జులైలో చీకటి పడేసరికి పదవుతుంది కాబట్టి ఆ రెండు గంటలూ మనవే. అమ్మ ఎక్కువ దూరం నడవలేదని చెబితే హోటల్ వాళ్లు చక్రాల కుర్చీ తెచ్చిచ్చారు. ఒడ్డు వెంబడి దారి చదునుగా ఉండటంతో సరస్సు ఆ కొస దాకా తీసుకెళ్లాం. ఆవిడ శాకాహారి అని ముందు రోజే చెప్పి ఉంచాం. వంటగదిలోంచి ఒకాయన స్వయంగా వచ్చి ఏం తింటారో, ఏం తినరో అడిగి రాసుకున్నాడు. ఈ మర్యాద నాకు గది కన్నా గొప్పగా అనిపించింది.

ఆ కొసన గ్లేసియర్ నుంచి వచ్చే వాగు సరస్సులో కలుస్తుంది. పాప అక్కడి నీళ్లు దోసిట్లోకి తీసుకుని, "అమ్మమ్మా, పాలు కలిపినట్టుందే" అంది. నిజంగానే మసగ్గా ఉన్నాయి. గ్లేసియర్ కదులుతూ కింది బండరాళ్లని పిండిలా నూరుతుంది. ఆ పిండి ఎంత సన్నమంటే అడుక్కి చేరకుండా నీళ్లలో తేలుతూనే ఉంటుంది. దాని మీద వెలుగు పడి చెదిరితేనే మనకి ఆ నీలి ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. మంచు బాగా కరిగే జులై, ఆగస్టుల్లో రంగు చిక్కగా ఉంటుంది. మే నెలలో చవగ్గా వస్తుందని గది తీసుకుంటే, సరస్సు ఇంకా గడ్డకట్టే ఉండొచ్చు. మంచు విడిచేది మామూలుగా జూన్ మొదట్లోనే.

స్టోనీ నకోడా ప్రజలు ఈ సరస్సుని చిన్న చేపల సరస్సు అని పిలిచేవాళ్లు. 1882లో టామ్ విల్సన్ అనే ఆయన్ని ఇక్కడికి తీసుకొచ్చింది వాళ్లలో ఒకరే. తర్వాత విక్టోరియా రాణి కూతురు లూయిస్ పేరు పెట్టారు. నాకు పాత పేరే నచ్చింది.

పడవ విషయం మాత్రం ఆలోచించుకోండి. కనూ (తెడ్లతో నడిపే సన్నటి పడవ) అద్దె గంటకి వంద డాలర్లకు పైనే. మేం ఎక్కలేదు. బదులుగా అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మేం ముగ్గురం లేక్ ఆగ్నస్ టీ హౌస్‌కి నడిచాం. మూడున్నర కిలోమీటర్లు, దాదాపు నాలుగు వందల మీటర్ల ఎక్కుడు. కరెంటు లేని ఆ చిన్న కొయ్య ఇంట్లో తాగిన టీ, మొత్తం యాత్రలో నాకు బాగా గుర్తుండిపోయినవాటిలో ఒకటి.

లేక్ లూయిస్‌కి దగ్గర్లోనే ఉన్న ఇంకో సరస్సు మోరైన్ లేక్‌కి సొంత కార్లని 2023 నుంచి వెళ్లనివ్వడం లేదు. జాతీయ పార్కుల్ని చూసుకునే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా నడిపే షటిల్ బస్సులో సీటు ముందే రిజర్వ్ చేసుకోవాలి. కొన్ని సీట్లు సీజన్ ముందు, మిగతావి ప్రయాణానికి రెండు రోజుల ముందు పొద్దున ఎనిమిదికి వదులుతారు. మా వారు ఏడు యాభై నుంచే ఫోన్ పట్టుకుని టెన్షన్ పడ్డారు. దొరికాయి. పది శిఖరాలు వరసగా నిలబడ్డ ఆ సరస్సు ఫొటోల్లో కన్నా బాగుంది, కానీ మళ్లీ బస్సు టైముకి పరిగెత్తాం. అక్కడున్న చిన్న లాడ్జిలో బస చేసేవాళ్లకి ఆ పరుగు ఉండదు, వాళ్ల కార్లని రానిస్తారు కూడా.

చివరి రెండు రాత్రులు కొండ దాటి బ్రిటిష్ కొలంబియాలో, యోహో పార్కులోని ఎమరాల్డ్ లేక్ లాడ్జిలో. లేక్ లూయిస్ నుంచి అరగంట, ముప్పావు గంట దారి. కారు దూరంగా వదిలేసి లాడ్జి వాళ్ల బండిలో వెళ్లాలి. గదిలో టీవీ లేదు, ఏసీ లేదు, కట్టెలు కాల్చే పొయ్యి ఉంది. లగ్జరీ అంటే ఇదా అని నిరాశపడేవాళ్లూ ఉంటారు, వాళ్లకి లేక్ లూయిసే మంచిది. మాకు మొదటి రోజంతా వాన. అమ్మ పొయ్యి ముందు పీట లాంటి చిన్న స్టూలు వేసుకుని కట్టె ఎలా పేర్చాలో మనవరాలికి నేర్పింది. అలా పెడితే గాలాడదే, ఒకదానికొకటి అడ్డంగా పెట్టు, అంటూ. రెండో రోజు వాన వెలిశాక సరస్సు చుట్టూ ఐదు కిలోమీటర్ల పైచిలుకు దారిలో మేం నడిచాం. మధ్యలో ఆడ ఎల్క్ (పెద్ద జాతి జింక) ఒకటి పిల్లతో కనిపించింది. ముప్ఫై మీటర్ల దూరం ఉండాలన్నది ఇక్కడి నిబంధన, ఎలుగుబంటికైతే వంద. అది కదిలేదాకా చెట్ల మధ్యే ఆగాం.

ఈసారి మళ్లీ ప్లాన్ చేస్తే బ్యాన్ఫ్‌లో సాదా గది ఒక్క రాత్రికి, లేక్ లూయిస్‌లో ఒక్క రాత్రే అయినా సరే సరస్సు వైపు గది, మిగతావన్నీ ఎమరాల్డ్ దగ్గర. మా వారు అప్పుడే వచ్చే సెప్టెంబరు చివరి వారం చూస్తున్నారు. ఆకులు రాల్చేముందు లార్చ్ చెట్లన్నీ పసుపు పచ్చగా మారే రోజులవి. మోరైన్ లాడ్జిలో గది దొరికితే వెళ్దామంటే, తనకి కిటికీ పక్క మంచం కావాలని అమ్మ ఇప్పుడే చెప్పేసింది.