పెట్రోలు స్కూటరా, కరెంటు స్కూటరా: తిప్పడానికి ఏది చవక?

స్కూటరు కొనబోయే వాళ్లందరూ మొదట అడిగేది "మైలేజీ ఎంతిస్తుంది?" అనే. నన్ను సలహా అడిగిన వాళ్లను మాత్రం నేను "రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు?" అని తిరిగి అడుగుతాను. ఎందుకో లెక్క వేసి చూస్తే తెలుస్తుంది.

రోజుకు 20 కిలోమీటర్లు, ఏడాదిలో 300 రోజులు, మొత్తం 6000 కిలోమీటర్లు తిరిగే మనిషిని తీసుకుందాం. లీటరుకు 45 ఇచ్చే బండికి ఏడాదికి 133 లీటర్లు కావాలి. 50 ఇచ్చే బండికి 120 చాలు. తేడా 13 లీటర్లు, అంటే నెలకు లీటరు కంటే కాస్త ఎక్కువ. అదే లీటరుకు 25 ఇచ్చే పాత బండి వదిలి 30 ఇచ్చేది తీసుకుంటే 240 లీటర్ల ఖర్చు 200కు దిగుతుంది, 40 లీటర్లు మిగులుతాయి. రెండుచోట్లా మైలేజీ పెరిగింది ఐదే, మిగులు మాత్రం మూడింతలు. అందుకే వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు తాగుతోందో చూసుకోమంటాను. అప్పుడు ఈ తేడాలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి.

దీన్నిబట్టే 110 సీసీనా, 125 సీసీనా అన్న మీమాంస పెద్దది కాదని నా అభిప్రాయం. ఒకే తరానికి చెందిన బండ్లయితే వాటి మధ్య తేడా కంటే నడిపే చేతుల మధ్య తేడానే ఎక్కువ. ఎప్పుడూ ఇద్దరు కూర్చునేవాళ్లు, ఎత్తులు ఎక్కాల్సినవాళ్లు 125 తీసుకోవచ్చు. చిన్న ఇంజను బండిని యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి నడిపితే మిగిలేదేమీ ఉండదు.

పాత టూస్ట్రోక్ స్కూటరు చవగ్గా దొరికిందని తీసుకునేవాళ్లకు ఒక్క మాట. కార్బురేటర్ ఉన్న టూస్ట్రోక్ ఇంజన్లో, లోపలికి వచ్చిన పెట్రోల్లో కొంత భాగం కాలకుండానే పొగగొట్టం దారి పడుతుంది. దానికి తోడు పెట్రోల్లో ఆయిల్ కలపాలి. 50 పాళ్లకు ఒక పాలు చొప్పున చూసినా లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఇష్టం కొద్దీ ఉంచుకుంటే సరే, ఖర్చు తగ్గుతుందని మాత్రం కొనొద్దు.

అసలు పోటీ కరెంటు బండితోనే. కరెంటు బిల్లు యూనిట్లలో చెబితే, లీటరు పెట్రోల్లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. దాంతో మన స్కూటరు వెళ్లేది 45 కిలోమీటర్లు. అదే దూరం కరెంటు బండి, ఛార్జింగ్‌లో పోయే నష్టం కలుపుకున్నా, రెండు యూనిట్ల లోపే వెళ్తుంది. పెట్రోలు శక్తిలో ఎక్కువ భాగం ఇంజను వేడిగా, పొగగా వెళ్లిపోతుంది. ఇంజను బలాన్ని వెనక చక్రానికి అందించే బెల్టు, రోలర్ల దగ్గర ఇంకొంత పోతుంది. మోటారులో అంత నష్టం లేదు. పైగా బండి ఆగి ఉన్నప్పుడు మోటారు దాదాపు ఏమీ తీసుకోదు.

వంద కిలోమీటర్లకు పెట్టి చూస్తే ఇటు 2.2 లీటర్లు, అటు సుమారు 4 యూనిట్లు. లీటరు పెట్రోలు ధర రెండు యూనిట్ల కరెంటు ధరను దాటిందంటే రోజువారీ ఖర్చులో గెలిచేది కరెంటు బండే. ఇంట్లో ఛార్జింగ్ పెట్టుకుంటే ఈ లెక్క నిలుస్తుంది. బయటి ఛార్జింగ్ కేంద్రాల్లో యూనిట్ రేటు ఎక్కువగా ఉంటే లాభం ఆ మేరకు కరిగిపోతుంది. వేగం సంగతీ మర్చిపోకూడదు. గాలి అడ్డు వేగంతోపాటు చాలా త్వరగా పెరుగుతుంది కాబట్టి గంటకు 40 కిలోమీటర్ల వేగంలో వచ్చే రేంజి (ఒక ఛార్జ్‌తో వెళ్లే దూరం) 70లో రాదు. పెట్రోలు బండికీ ఈ దెబ్బ ఉంది, కానీ ట్యాంకు నింపడం నిమిషాల పని కాబట్టి అంత టెన్షన్ ఉండదు.

చిన్న దూరాల దగ్గర చిక్కు వస్తుంది. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఇంజను సరిగ్గా వేడెక్కనే వేడెక్కదు. చల్లగా ఉన్నంతసేపూ దానికి పెట్రోలు ఎక్కువ కావాలి, మైలేజీ బాగా పడిపోతుంది. అంటే కరెంటు బండి అతి సులువుగా గెలిచే చోటు ఇదే. కానీ రోజుకు 5 కిలోమీటర్లే తిరిగే మనిషి ఏడాదికి 1500 కిలోమీటర్లు తిరుగుతాడు. మొత్తం పెట్రోలే 33 లీటర్లు, మైలేజీ పడిపోయిందనుకున్నా 40, 45 లీటర్లు. ఇందులో ఎంత మిగిల్చినా కొత్త బండి కొన్న డబ్బు వెనక్కి రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా బ్యాటరీ వయసు గడుస్తూనే ఉంటుంది. లిథియం బ్యాటరీ వాడకం వల్లే కాదు, ఊరికే ఉన్నా నెమ్మదిగా తరుగుతుంది. ఎండలో, ఫుల్ ఛార్జ్‌తో రోజుల తరబడి వదిలేస్తే ఇంకా త్వరగా తరుగుతుంది. తక్కువ తిరిగేవాళ్లు, ఉన్న పెట్రోలు బండి బాగుంటే దాన్నే ఉంచుకోవాలని అందుకే అంటున్నాను.

రోజుకు 40 కిలోమీటర్లు తిరిగేవాళ్ల కథ వేరు. ఏడాదికి 267 లీటర్లు ఒకవైపు, 480 యూనిట్లు మరోవైపు. వీళ్లకు ఇంట్లో ప్లగ్ పాయింట్ ఉంటే నేను రెండో ఆలోచన లేకుండా కరెంటు బండే చెబుతాను. సర్వీసింగ్ కూడా వీళ్లకే కలిసొస్తుంది. ఇంజనాయిల్, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, వాల్వ్ సెట్టింగ్, ఇవేవీ ఉండవు. పెట్రోలు స్కూటర్లో బెల్టుకు విడిగా ఖర్చు రాసిపెట్టుకోవాలి. అది తెగేదాకా చప్పుడు చేయకపోవచ్చు, తెగితే బండి ఉన్నచోటే నిలబడిపోతుంది. నాకు ఒకసారి అలాగే జరిగింది, బండి తోసుకుంటూ వెళ్లాను. అప్పటినుంచి బండి పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు ముందే మార్పిస్తున్నాను. టైర్లు, బ్రేకులు మాత్రం రెండింటికీ అరుగుతాయి. కరెంటు బండి బరువుగా ఉండి, లాగుడు గట్టిగా ఉంటే వెనక టైరు త్వరగా పోవచ్చు కూడా.

మధ్యలో ఉన్నవాళ్లు, అంటే 15, 20 కిలోమీటర్లవాళ్లు, తొందరపడకుండా ఉన్న బండిని ముందు కొలవండి. ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోండి, మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ నింపండి. మధ్యలో పోయించింది కూడా దానికి కలిపి, తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించండి. అంతకుముందే టైర్లలో గాలి సరిచూసి, సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పండి. బ్రేకు పట్టేసి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. వచ్చిన అంకెను 45 బదులు పెట్టి లెక్క మళ్లీ వేయండి. 35 కంటే తక్కువ వస్తే కొత్త బండికి ముందు మెకానిక్ దగ్గరకు వెళ్లండి.