ఆర్‌సీ 390కి సైలెన్సర్, క్విక్ షిఫ్టర్: ఏళ్ళ తరబడి వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నాను. చేతిలో ఉన్న డబ్బు ఒకదానికే సరిపోతే, క్లచ్ పట్టకుండా పై గేరు వేయనిచ్చే క్విక్ షిఫ్టర్ కొనండి, సైలెన్సర్ జోలికి పోకండి. రెండూ బిగించుకుని ఎండల్లో, వానల్లో, విజయవాడ ట్రాఫిక్‌లో, దోర్నాల ఘాట్ మలుపుల్లో, చెన్నై దగ్గరి రేస్ ట్రాక్ మీద తిప్పాక స్థిరపడిన అభిప్రాయం ఇది. అమ్మేవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా చెబుతారు. సైలెన్సర్ శబ్దం అంగడి ముందే వినబడుతుంది, గేరు సుఖం మాత్రం కొన్ని వారాలు నడిపితే గానీ తెలియదు. ఏ బేరం తొందరగా తెగుతుందో వాళ్ళకు బాగా తెలుసు.

నా బండి కేటీఎం ఆర్‌సీ 390, 2017లో మారిన రకం. 373.2 సీసీ, ఒకే సిలిండర్, 43.5 పీఎస్. అంతకు ముందటి ఆర్‌సీలలో సైలెన్సర్ బండి పొట్ట కింద దాగి ఉండేది. 2017లో దాన్ని పక్కకు తెచ్చారు, థ్రాటిల్‌కు కేబుల్ తీసేసి ఎలక్ట్రానిక్ పద్ధతి పెట్టారు. గేరు తగ్గించినప్పుడు వెనుక చక్రం కుదుపుతో పట్టేయకుండా చూసే స్లిప్పర్ క్లచ్ ఉంది, క్విక్ షిఫ్టర్ లేదు. ఈ వివరాలు ఎందుకంటే, కింద చెప్పబోయే మంచి చెడ్డలన్నీ వీటి మీదే ఆధారపడి ఉన్నాయి.

సైలెన్సర్ మార్చడానికి రెండు దారులున్నాయి. చివరి డబ్బా ఒక్కటే మారిస్తే స్లిప్-ఆన్. ఇంజను దగ్గర మొదలయ్యే పైపు నుంచి చివరి దాకా అంతా మారిస్తే ఫుల్ సిస్టమ్. స్లిప్-ఆన్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి ఇంజనును నడిపించే చిన్న కంప్యూటర్‌ను, అంటే ఈసీయూను, ముట్టుకోవలసిన పని పడదు. ఫుల్ సిస్టమ్ పెడితే పొగ బయటికి పోయే తీరు, దాంతో పాటే సిలిండర్‌లోకి గాలి వచ్చే తీరు మారిపోతాయి. పెట్రోలు మాత్రం పాత లెక్క ప్రకారమే పడుతుంది. నింపాదిగా పోయేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని సర్దుతుంది గానీ, థ్రాటిల్ పూర్తిగా తిప్పినప్పుడు ఈసీయూ దాని మాట పక్కన పెట్టి తనలో రాసి ఉన్న పట్టికనే పాటిస్తుంది. మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కేది అక్కడే. అందువల్ల ఫుల్ సిస్టమ్ ధర చూసేటప్పుడు ఆ పట్టికను సరిదిద్దే మ్యాపింగ్ ఖర్చు కూడా కలుపుకోవాలి. బెంగళూరులో తయారయ్యే పవర్‌ట్రానిక్ లాంటి పెట్టెలు ఉన్నది ఆ పనికే. నేను స్లిప్-ఆన్ దగ్గరే ఆగాను.

బలం పెరిగిందా అని అడగనివాళ్ళు లేరు. నాకైతే ఎక్కడా తెలియలేదు. అదే ఎత్తు దారి, అదే గేరు, అదే వేగం. శబ్దం మారినందువల్ల మొదట్లో బండి ఉరుకుతున్నట్లు అనిపిస్తుంది, ఇయర్ ప్లగ్‌లు పెట్టుకుని నడిపితే ఆ భ్రమ పోతుంది. బరువు తేడా నిజమే. కంపెనీ డబ్బాను ఒక చేతిలో, టైటానియం డబ్బాను ఇంకో చేతిలో పట్టుకుంటే ఎవరికైనా అర్థమవుతుంది. అయితే నిండు ట్యాంకుతో ఉన్న బండి మీద మనిషి, జాకెట్, హెల్మెట్, బ్యాగు ఎక్కాక ఆ ఒకటి రెండు కిలోలు ఎక్కడ కలిసిపోతాయో కనిపెట్టడం నా వల్ల కాలేదు.

ఇక శబ్దం. తక్కువ ఆర్‌పీఎంలో బొంగురుగా, ఆరు వేలు దాటాక గరుకుగా, ఇంకా పైకి పోతే గుడ్డ చింపినట్లుగా ఉంటుంది. నాకు నచ్చింది, అబద్ధమెందుకు. కానీ వీడియోలలో వినే నాలుగు సిలిండర్ల కూత దీంట్లోంచి వస్తుందని ఆశపడి కొనేవాళ్ళకు నిరాశ తప్పదు. సిలిండర్లు ఎన్నో, అవి ఏ వరుసలో మండుతాయో దాన్ని బట్టే స్వరం పుడుతుంది. డబ్బా చేసింది విదేశీ అక్రపోవిచ్ అయినా, యారో అయినా, మన బెంగళూరు రెడ్ రూస్టర్ అయినా ఒంటి సిలిండర్ దెబ్బను కాస్త ముదురుగానో కాస్త పొడిగానో వినిపించగలవు, అంతే.

అంగళ్ళలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ డబ్బాల లోపల చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ ఊల్ చుట్టి ఉంటుంది, శబ్దాన్ని మింగేది అదే. అది నిదానంగా కాలిపోతుంది. నా సైలెన్సర్ ఒక దశలో రేకు డబ్బాలో రాళ్ళు పోసినట్లు మోగడం మొదలుపెట్టింది. ఆటోనగర్‌లో మా మెకానిక్ ఒక్కసారి రైజ్ చేసి విని, "బాబూ, లోపల దూది అయిపోయింది" అన్నాడు. రివెట్లు డ్రిల్లుతో తీసి పైతొడుగు లాగితే, ఇంజను వైపు ఉన్న ఊల్ అంతా నల్లగా పెళుసుబారి చేతిలో రాలింది. చివరి వైపుది ఇంకా లేత పసుపు రంగులోనే ఉంది. కొత్తది గట్టిగా చుట్టి, సన్నటి తీగతో కట్టి, తొడుగు ఎక్కించి మళ్ళీ రివెట్లు కొట్టాడు. గొంతు దిగింది. ఇది ఒకసారి చేసి వదిలేసే పని కాదు, డబ్బా ఉన్నంతకాలం ఉండే ఖర్చు.

థ్రాటిల్ మూసినప్పుడు వచ్చే టపటప పేలుళ్ళను చాలామంది గొప్పగా చూపించుకుంటారు. కాలని పెట్రోలు, గాలి కలిసి వేడి పైపులో అంటుకోవడం వల్ల వస్తాయవి. కొద్దిగా ఉంటే పరవాలేదు, ఉన్నట్టుండి ఎక్కువైతే జాయింటు చూడాలి. నా బండికి రెండు పైపులు కలిసే చోట నల్లటి మసి ఉంగరం కనిపించింది. అక్కడ గ్యాస్కెట్ కాలిపోయి బయటి గాలి లోపలికి పోతోంది. కొత్త గ్యాస్కెట్ వేసి క్లాంపు బిగించగానే సద్దు సగం తగ్గింది.

చట్టం సంగతి దాటవేయడానికి లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం 175 సీసీ దాటిన మోటారు సైకిళ్ళకు తయారీ దశలో శబ్దం హద్దు 80 డెసిబెల్స్. బండిని కంపెనీ ఇచ్చిన తీరు నుంచి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. శబ్ద కాలుష్యానికి 190వ సెక్షన్ కింద 2019 సవరణ తరువాత పది వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా ఉన్నాయి. విశాఖలోనూ హైదరాబాదులోనూ పోలీసులు సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పేర్చి రోలరుతో తొక్కించిన దృశ్యాలు అందరూ చూసినవే. డబ్బా మీద యూరప్ ఆమోద ముద్ర ఉందని కూడలిలో వాదించి లాభం లేదు. శబ్దాన్ని తగ్గించే డీబీ కిల్లర్ అనే చిన్న గొట్టం ఒకే ఒక్క బోల్టుతో లోపల నిలబడుతుంది. దాన్ని తీసి ఇంట్లో దాచుకుని తిరిగేవాళ్ళ మీద నాకు జాలి కూడా లేదు. తీస్తే అపార్ట్‌మెంట్‌లో పసిపిల్లలు లేస్తారు, పైగా కింది ఆర్‌పీఎంలో బండి లాగుడు తగ్గినట్లు నాకు స్పష్టంగా తెలిసింది.

నా మనసు మార్చింది మాత్రం జరిమానా భయం కాదు. దోర్నాల నుంచి శ్రీశైలం దారి పులుల అభయారణ్యం గుండా పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు గేట్లు మూసేస్తారు. పొద్దున్నే గేటు తీయగానే ఆ అడవిలోకి ఈ గొంతుతో దూరడం నాకే ఎబ్బెట్టుగా తోచింది. చెవుల లెక్క కూడా ఉంది. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చని, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నయోష్ లెక్క. అంటే 94 దగ్గర ఒక గంట. హెల్మెట్‌లో గాలి హోరే హైవే మీద ఆ హద్దుల్లోకి వస్తుంది, దానికి తోడు ఇదెందుకు? ఇప్పుడు రోడ్డు మీద కంపెనీ సైలెన్సరే. స్లిప్-ఆన్ ట్రాక్‌కు వెళ్ళినప్పుడే ఎక్కుతుంది. మార్చడానికి గట్టిగా అరగంట పట్టదు.

క్విక్ షిఫ్టర్ అయితే బిగించిన నాటి నుంచి బండి మీదనే ఉంది.

అది చేసే పని చాలా చిన్నది. ఇంజను బలం మీద ఉన్నంతసేపు గేరు బాక్సులోని డాగ్‌లు, అంటే గేర్ల పక్కనుండే పళ్ళు, ఒకదాన్నొకటి బిగించి పట్టుకునే ఉంటాయి. మనం క్లచ్ పట్టేది ఆ పట్టు సడలించడానికే. క్విక్ షిఫ్టర్‌లో గేరు లీవరు రాడ్డుకు ఒక సెన్సర్ ఉంటుంది. కాలితో లీవరును పైకి ఎత్తగానే అది ఒత్తిడిని పసిగట్టి, ఇగ్నిషన్‌ను గానీ పెట్రోలును గానీ సెకనులో పదిహేనో ఇరవయ్యో వంతు సేపు ఆపుతుంది. ఆ సందులో పట్టు సడలి పై గేరు పడుతుంది. థ్రాటిల్ తగ్గించనక్కర లేదు, క్లచ్ తాకనక్కర లేదు.

కిట్లు చాలానే ఉన్నాయి. హంగరీకి చెందిన హీల్‌టెక్ పేరు ఎక్కువగా వినబడుతుంది. పెట్రోలు లెక్క సర్దే డైనోజెట్ పవర్ కమాండర్ పెట్టె ఉన్నవాళ్ళు దానికి తగిలించే సెన్సర్ కొంటారు. నాది ఫోనులోని యాప్‌తో సర్దుకునే రకం. కొనేటప్పుడు చూడవలసిన మొదటి విషయం, మీ బండికే చేసిన వైరింగ్ సాకెట్ దొరుకుతుందా అన్నది. దొరికితే కంపెనీ వైరు ఒక్కటి కూడా కోయకుండా మధ్యలో గుచ్చేయవచ్చు, రేపు తీసేస్తే ఆనవాలు ఉండదు. వైర్లు కోసి టేపు చుట్టే కిట్ ఎంత చవకగా వచ్చినా వద్దు.

రెండోది రాడ్డు. సెన్సర్ దాని మధ్యలో కూర్చోవాలి కాబట్టి రాడ్డు పొట్టిది కావాలి. లేత్ దగ్గర కోయించి మరలు వేయించాము. ఒక చివర ఎడమ మర, ఇంకో చివర కుడి మర ఉంటాయి, అది గమనించకుండా కోస్తే రాడ్డు వృథా. గేరు పైకి వేసేటప్పుడు మీ బండిలో రాడ్డు లాగబడుతుందా, నెట్టబడుతుందా అన్నది కూడా చూసి సెట్టింగులో అదే పెట్టాలి.

అసలు పని సమయం సర్దడంలో ఉంది. ఆపే సమయం తక్కువైతే గేరు సగంలో తట్టుకుని గట్టిగా పడుతుంది, ఎక్కువైతే బండి తల ఊపుతుంది. ఒకటి నుంచి రెండుకు మధ్యలో న్యూట్రల్ ఉంది, రెండు గేర్ల మధ్య దూరమూ ఎక్కువే కాబట్టి అక్కడ ఎక్కువ సేపు కావాలి. పై గేర్లకు తక్కువ చాలు. హైవే పక్కన ఆగి, ఐదేసి మిల్లీ సెకన్లు తగ్గిస్తూ, మళ్ళీ నడిపి చూసుకుంటూ పోతే నాకు 65 దగ్గర కుదిరింది. మీ బండికి వేరే అంకె రావచ్చు. కొందరు యాప్ ఇచ్చిన అంకెతోనే ఏళ్ళు నెట్టుకొచ్చి, క్విక్ షిఫ్టర్ బాగా లేదంటారు.

చైను వదులుగా ఉంటే ఎంత సర్దినా ఫలితం ఉండదు. క్లచ్‌తో గేరు మార్చినప్పుడు బయటపడని వదులు, దీంతో ప్రతి గేరుకూ టక్కున తన్నుతుంది. షిఫ్ట్ కరుకుగా మారిందంటే నేను ఇప్పుడు యాప్ తెరవను, ముందు చైను పట్టి చూస్తాను. తరువాత లీవరు పివట్‌కు గ్రీజు పెడతాను. తొంభై పాళ్ళు అక్కడే తేలిపోతుంది.

ఊళ్ళో దీనికి పని తక్కువ. బెంజ్ సర్కిల్ దగ్గర మూడు వేల ఆర్‌పీఎంలో, సగం థ్రాటిల్‌లో గేరు వేస్తే కుదుపు తప్పదు, అక్కడ క్లచ్చే మేలు. కనీస ఆర్‌పీఎం నాలుగు వేలకు పెట్టుకుంటే ఆ తలనొప్పి లేదు. పాదం ఊరికే లీవరు కింద ఆనించి ఉంచే అలవాటున్నవాళ్ళకు ఇంజను మధ్యమధ్యలో దగ్గుతుంది, ఆ అలవాటు మానుకోవలసిందే. లీవరును బెరుకుగా ఎత్తితే గేర్ల మధ్య ఖాళీలో చిక్కుకోవడమూ ఉంది. నిర్దాక్షిణ్యంగా ఎత్తాలి.

కింది గేర్లకు ఇది పనికిరాదు. కింది గేరు వేసేటప్పుడు ఇంజను వేగాన్ని పెంచాలి, దానికి థ్రాటిల్‌ను యంత్రమే తిప్పగలగాలి. కొత్త తరం ఆర్‌సీ 390లో రెండు వైపులా పనిచేసేది కంపెనీయే ఇస్తోంది. 2021లో వచ్చిన యమహా ఆర్15 వీ4లో, ఆర్15ఎమ్‌లో ఇచ్చింది పై గేర్లకే. స్లిప్పర్ క్లచ్ ఉంది కాబట్టి నాకు ఆ లోటు పెద్దగా అనిపించలేదు.

దీని విలువ పూర్తిగా తెలిసింది చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద. ఆఖరి మలుపు నుంచి పెద్ద స్ట్రెయిట్‌లోకి బండి ఇంకా వాలి ఉండగానే గేరు మార్చాలి. క్లచ్ పట్టి, థ్రాటిల్ మూసి, మళ్ళీ తెరిస్తే వెనుక చక్రం మీద బరువు అటూ ఇటూ ఊగుతుంది. క్విక్ షిఫ్టర్‌తో ఆ ఊగు ఉండదు, చేతులు ఉన్నచోటే ఉంటాయి. సైలెన్సర్ ఇవ్వని వేగం అక్కడ దొరికింది.

గేరు బాక్సు పాడవుతుందన్న భయం నాకూ ఉండేది. అందుకే ఆయిల్ మార్చిన ప్రతిసారీ డ్రెయిన్ బోల్టు అయస్కాంతాన్ని గుడ్డతో తుడిచి వెలుతురులో చూస్తాను. సన్నటి బూడిద రంగు పేస్టు తప్ప లోహపు ముక్కలు ఎప్పుడూ కనిపించలేదు. వచ్చిన తంటా ఒక్కటే: వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నేరుగా కొట్టడంతో సెన్సర్ సాకెట్‌లో నీళ్ళు చేరి గేరు వేయకుండానే ఇంజను ఆగాగి కొట్టుకుంది. ఆరబెట్టి, నీళ్ళు చేరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు పూశాక మళ్ళీ రాలేదు.

సైలెన్సరే కావాలని పట్టుబట్టేవాళ్ళకు ఒక మాట. పెద్ద బ్రాండ్ల లోగోలు చెక్కిన నకిలీలు కొన్ని వేలకే అంగళ్ళలో వేలాడుతుంటాయి. లోపలి గొట్టం వెల్డింగు, రివెట్ల వరస, బ్రాకెట్ మందం చూడండి, బండికి బిగించకముందే బయటపడతాయి. కంపెనీ సైలెన్సర్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ పాత ఇనుముకు వేయకండి. ఇన్సూరెన్సు క్లెయిము వచ్చినా, బండి అమ్మబోయినా మొదట అడిగేది దాన్నే, విడిగా కొనబోతే దాని ధర వింటే కళ్ళు తిరుగుతాయి.