1998 నాటి ఎర్ర వైన్లు: దక్షిణ ఆస్ట్రేలియాలో ఒకే ఏటి పంట వెంట

పాత వైన్లను రుచి చూసే పద్ధతులు రెండు. ఒకే తోట వైన్‌ను వేర్వేరు సంవత్సరాల వరుసలో తాగితే ఆ వైన్‌ను కాలం ఎలా మార్చిందో తెలుస్తుంది. ఒకే సంవత్సరపు పంటను వేర్వేరు తోటల నుంచి తెప్పించి పక్కపక్కన పెట్టుకుంటే, వాతావరణం అందరికీ దాదాపు ఒకటే కనుక, మిగిలిన తేడా నేలదా, వైన్ చేసినవారి చేతిదా అన్నది తేల్చుకోవచ్చు. నాకు ఈ రెండో పద్ధతి మీదే గురి. అందుకే దక్షిణ ఆస్ట్రేలియా ప్రయాణం మొత్తాన్ని 1998 నాటి ఎర్ర వైన్ల చుట్టూ అల్లుకున్నాను.

ఆ సంవత్సరాన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. అక్కడ ద్రాక్ష కోత ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. ఎల్ నినో నడిచిన 1997-98 వేసవి వేడిగా, పొడిగా గడవడంతో పండు పూర్తిగా మాగి, వైన్లు చిక్కగా, బలంగా వచ్చాయి. సీసాల్లోకి చేరీచేరగానే గొప్ప సంవత్సరమని పొగడ్తలు మొదలయ్యాయి. అయితే అంత ఎండ తిన్న వైన్ పాతికేళ్లు నిలుస్తుందా, లేక తొలి మెరుపు తగ్గాక ఉడికించిన పండులా చప్పబడుతుందా అన్న అనుమానం అప్పటి నుంచీ ఉన్నదే. పైగా అవన్నీ బెండు బిరడాల కాలం నాటి సీసాలు. క్లేర్ లోయలో రీస్లింగ్ అనే తెల్ల వైన్ చేసే తయారీదారులు 2000 పంట నుంచి మరమూతలకు మారిన తరువాతనే ఎర్ర వైన్లలోనూ ఆ మార్పు ఊపందుకుంది.

హైదరాబాద్ నుంచి అడిలైడ్‌కు సింగపూర్ మీదుగానో కౌలాలంపూర్ మీదుగానో వెళ్లవచ్చు. అక్కడి గడియారం మనకన్నా నాలుగు గంటలు, వారి వేసవి నెలల్లో అయిదు గంటలు ముందుంటుంది కనుక యూరప్, అమెరికా ప్రయాణాల్లో ఉండేంత నిద్ర బాధ ఉండదు. అయినా దిగిన రోజున ఖరీదైన సీసా ఏదీ తెరవకండి. విమానంలోని పొడిగాలికి ముక్కు ఎండిపోయి ఉంటుంది, ముక్కు పనిచేయకపోతే పాత వైన్‌లో మిగిలేది పులుపూ వగరే. ఆ మొదటి రోజుకు తగిన చోటు అడిలైడ్ బొటానిక్ గార్డెన్ అంచున 2001లో ప్రారంభమైన నేషనల్ వైన్ సెంటర్. అక్కడ కార్డులో డబ్బు వేయించుకుని, యంత్రాల నుంచి కొద్ది కొద్దిగా వైన్లు పట్టుకుని రుచి చూడవచ్చు. చాలావరకు కొత్త వైన్లే కనుక పాతవాటి కోసం వచ్చినవారికి అది సరిపోదు గానీ, షిరాజ్, కాబర్నే సావిన్యోన్ అనే రెండు ఎర్ర వైన్ ద్రాక్ష రకాలకు తేడా పట్టుకోవడం నేర్చుకోదలచినవారికి తక్కువ ఖర్చులో అంతకన్నా మంచి పాఠం దొరకదు.

నగరం నుంచి ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని మాగిల్ తప్పక చూడవలసిన చోటు. 1844లో డాక్టర్ క్రిస్టఫర్ పెన్‌ఫోల్డ్, ఆయన భార్య మేరీ స్థిరపడిన తోట అది. ఆస్ట్రేలియా ఎర్ర వైన్‌ను దశాబ్దాల పాటు దాచవచ్చన్న నమ్మకానికి పునాది పడింది కూడా అక్కడే. 1950లో యూరప్ వెళ్లి బోర్డో వైన్లను చూసి వచ్చిన మ్యాక్స్ షూబర్ట్, 1951లో షిరాజ్‌తో ‘గ్రేంజ్’ను ప్రయోగంగా చేశారు. అది ఎవరికీ నచ్చకపోవడంతో 1957లో ఆపేయమని యాజమాన్యం ఆదేశించింది. ఆయన మాత్రం 1957, 1958, 1959 పంటలతో గుట్టుగా చేస్తూనే ఉన్నారు. ఈలోగా తొలి సీసాలు ముదిరి రుచి తేరడంతో 1960లో మళ్లీ అనుమతి వచ్చింది. అక్కడ గైడు వెంట తిరిగే పర్యటనలకు రుసుము ఎక్కువే. నేల కింది గదులు చూడటం వరకే ముఖ్యమనుకునేవారు వాటిలో చవకైనది తీసుకుంటే చాలు.

బస విషయంలో నా అభిప్రాయం స్పష్టం: అడిలైడ్‌లో ఉండి రోజూ బరోసా వైన్ లోయకు వెళ్లి రావడం కన్నా ఆ లోయలోని తనుండా ఊళ్లో దిగడం మేలు. దూరం సుమారు డెబ్బై కిలోమీటర్లే అయినా, అక్కడి చట్టం ప్రకారం రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతానికి చేరితే కారు నడపడం నేరం, పోలీసులు దారిలో ఎక్కడైనా ఆపి ఊదించవచ్చు. రుచి చూసి ఉమ్మేసినా కొంత లోపలికి పోతూనే ఉంటుంది. లోయలో తిరగడానికి బస్సులను నమ్ముకోలేము, డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడమే దారి. మాకు వచ్చిన డ్రైవరు ఏ తోట దగ్గర మధ్యాహ్నం జనం తక్కువగా ఉంటారో తెలిసిన మనిషి కావడంతో, ఇచ్చిన డబ్బుకు విలువ దక్కింది.

తనుండాలో మేము దిగినది వంటగది ఉన్న చిన్న రాతి ఇల్లు. ఉదయపు ఫలహారం బుట్టలో పెట్టి ముందురాత్రే ఇచ్చేవారు. శాకాహారులమని గది బుక్ చేసినప్పుడే చెప్పాము కనుక మాంసం ముక్కలకు బదులు జున్ను, పుట్టగొడుగులు, ఆ ఊరి జర్మన్ బేకరీ రొట్టె వచ్చాయి. 1842 నుంచి ఇక్కడ స్థిరపడిన జర్మన్ లూథరన్ల ప్రభావం రొట్టెల్లోనూ చర్చి శిఖరాల్లోనూ ఇంకా కనిపిస్తుంది. వంటగది వల్ల కలిగిన అసలు లాభం వేరు. రుచి పరీక్షకు ముందురాత్రి పప్పూ పెరుగన్నంతో సరిపెట్టుకున్నాము, అడిలైడ్‌లో ఉంటున్న మా మేనల్లుడి ఇంట్లో కట్టి ఇచ్చిన ఆవకాయ మూత తీయలేదు. కారం తిన్న నాలుక వగరులోని సన్నని తేడాలను పట్టలేదు.

బరోసా తోటల్లో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినవి పాత మొదళ్లు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షను పందిళ్ల మీదికి పాకించడం చూసిన కళ్లకు, ఏ ఆధారమూ లేకుండా నడుము ఎత్తున మెలికలు తిరిగి నిలబడ్డ షిరాజ్ మొక్కలు ద్రాక్షలా అనిపించవు. బెరడు పట్టుకుంటే పేలికలుగా ఊడి వస్తుంది. కాండం మధ్యలో బోలు, బోలుకు ఒక పక్కన మాత్రమే ప్రాణమున్న చెక్క, దాని కొసన ఈ ఏటి పచ్చని రెమ్మ. పందొమ్మిదో శతాబ్దిలో యూరప్ తోటలను తుడిచిపెట్టిన ఫిలాక్సెరా పురుగు దక్షిణ ఆస్ట్రేలియాలో అడుగుపెట్టలేదు కనుకనే, లాంగ్‌మీల్ వారి తోటలో 1843 నాటి షిరాజ్ ఇప్పటికీ కాస్తోంది. తోటల్లోకి ఇష్టం వచ్చినట్టు అడుగుపెట్టవద్దన్న బోర్డుల వెనుక ఉన్నది ఆ పురుగు భయమే. పురుగు తాకని ఈ తోటలకు 1980ల నడుమ ప్రభుత్వ పథకమే గండమైంది. అవసరానికి మించి ద్రాక్ష పండుతోందని తోటలు పీకేసినవారికి డబ్బిచ్చారు, అలా ఎన్నో ముదురు తోటలు పోయాయి. 1998 సీసాల్లోకి చేరింది ఆ గండం గడిచి మిగిలిన తోటల పండు.

అసలు రుచి పరీక్షను స్థానిక వైన్ వ్యాపారి ఒకరు ఒక భోజనశాల పైగదిలో ఏర్పాటు చేశారు. సేవ ఎలా ఉండాలో చూపిన ఏర్పాటు అది. మడ్డి అడుగున పేరుకోవడానికి సీసాలను ముందురోజే నిటారుగా నిలబెట్టారు. మామూలు మరతో తీస్తే పాత బిరడా పొడైపోతుంది కనుక, రెండు సన్నని రేకులను బిరడాకు ఇరువైపులా దింపి, మెల్లగా తిప్పుతూ పైకి లాగే పనిముట్టు వాడారు. సీసా మెడ కింద చిన్న లైటు పెట్టి, మడ్డి గీత మెడ దాకా రాగానే వంపడం ఆపేశారు. పాత వైన్‌ను గంటల ముందే గాజు కూజాలోకి ఒంపి ఉంచితే ఉన్న కాస్త పరిమళమూ ఎగిరిపోతుంది కాబట్టి, గ్లాసుల్లో పోసే ముందే ఆ పని చేశారు. ఒక సీసా మాత్రం తెరవగానే తడిసిన అట్టపెట్టె వాసన కొట్టింది. ఇది బిరడాలోని టీసీఏ అనే పదార్థం చేసే చెరుపు, దానికి వైన్ చేసినవారిని అనడానికి లేదు. వ్యాపారి దాన్ని వెంటనే పక్కన పెట్టి, బదులు సీసా లేదని చెప్పి, రుసుములో దాని వాటాను అక్కడికక్కడే వెనక్కి ఇచ్చారు. పాత సీసాల పరీక్షకు డబ్బు కట్టేముందు ఇలాంటి సీసా వస్తే ఏం చేస్తారని అడిగి తెలుసుకోవడం మంచిది.

అన్నింటిలో ఎక్కువ నేర్పిన జత పెన్‌ఫోల్డ్స్ వారి సెయింట్ హెన్రీ, బిన్ 389. తయారీదారు ఒకరే, సంవత్సరమూ ఒకటే. సెయింట్ హెన్రీని 1,460 లీటర్లు పట్టే ముసలి ఓక్ తొట్లలో ఉంచుతారు, కొత్త చెక్క తగలనివ్వరు. కాబర్నే, షిరాజ్‌లు కలిపి చేసే బిన్ 389ను చిన్న అమెరికన్ ఓక్ పీపాల్లో ఉంచుతారు, వాటిలో కొన్ని అంతకుముందు గ్రేంజ్ నింపినవి. గ్లాసును తెల్లకాగితం మీద వంచి చూస్తే రెండింటి అంచులూ ఇటుక రంగుకు తిరిగాయి, నడిబొడ్డున 389 ఇంకా నల్లగా ఉంది. వాసనలో 389దే మొదట పైచేయి: వెనిలా, కొబ్బరి, కాల్చిన చెక్క, ఆ వెనుక నేరేడు పండు. అరగంట గడిచాక తీరు మారింది. 389లో చెక్క తాలూకు తీపి అలాగే నిలిచి పండు వెనక్కి తగ్గింది, సెయింట్ హెన్రీలో మాత్రం ఎండు అంజీరం, తోలు, పొగాకు ఒకదాని తరువాత ఒకటి తేలుతూ, వగరు పట్టులా మెత్తబడింది. వేడి సంవత్సరంలో పండుకు ఎటూ బలం ఎక్కువ, దాని మీద కొత్త చెక్క బలం కూడా పెడితే ముసలితనంలో రెండూ పోట్లాడుకుంటాయని నాకు అనిపించింది. 389ను మెచ్చుకున్నవారే బల్లచుట్టూ ఎక్కువ. అయినా నా మాట మార్చుకోను.

హెన్ష్కీ వారి మౌంట్ ఎడెల్‌స్టోన్ మరో పాఠం. 1912లో నాటిన ఈ తోట లోయ మట్టంలో కాక, దానికన్నా ఎత్తైన, చల్లని ఈడెన్ లోయలో ఉంది. వేడి ఏడాదిలో ఆ ఎత్తే దీన్ని కాపాడింది. పులుపు నిలిచి ఉండటంతో వైన్ తేటగా, చురుకుగా ఉంది, గుక్క మింగాక గొంతులో మిరియాల ఘాటు మిగిలింది. అది ఊహ కాదు. షిరాజ్‌లోని ఆ వాసనకు కారణం రొటండోన్ అనే పదార్థమని, మిరియాల్లో ఉన్నదీ అదేనని అడిలైడ్‌లోని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించారు. పీటర్ లేమన్ వారి స్టోన్‌వెల్ షిరాజ్ నిండుగా, ఇంకా కొన్నేళ్లు దాచగలిగేలా ఉంది, దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

దక్షిణ ఆస్ట్రేలియా ఆగ్నేయాన ఉన్న కూనవారా నుంచి వచ్చిన, విన్స్ వారి జాన్ రిడాక్ కాబర్నే బల్ల మీద వేరే దేశపు వైన్‌లా నిలబడింది. గ్లాసు ముక్కు దగ్గరికి తెస్తూనే నీలగిరి తైలం. జలుబు చేసినప్పుడు చేతిరుమాలు మీద వేసుకునే అదే వాసన, దాని కింద నల్లని పండు, సీడార్ చెక్క. ఈ వాసన వెనుకా రసాయన కారణం ఉంది: తోటల అంచున ఉన్న నీలగిరి చెట్ల నుంచి సినియోల్ అనే తైలపు అంశం ద్రాక్ష తొక్కకు చేరి వైన్‌లోకి దిగుతుంది. వగరు ఇంకా గట్టిగానే ఉంది. పాతికేళ్లు దాటిన వైన్‌ను తొందరపడి తెరిచామేమోనన్న శంక కలిగింది ఇదొక్క గ్లాసు దగ్గరే.

మరునాడు బరోసాలోని పాత వైన్ తయారీ కేంద్రం సెప్పెల్ట్స్‌ఫీల్డ్‌కు వెళ్లాము. అక్కడి టానీ ఆల్కహాల్ చేర్చి బలపరచిన తీపి వైన్ కనుక మా వరుసలోకి రాదు. కానీ ‘ఒకే ఏటి పంట’ అన్న మాటను అంత అక్షరాలా పాటించిన చోటు మరొకటి కనిపించదు. 1878లో బెన్నో సెప్పెల్ట్ ఒక పీపాను పక్కన పెట్టి నూరేళ్ల దాకా అమ్మరాదని కట్టడి చేశారు. అప్పటి నుంచి ప్రతి సంవత్సరం పంటా పీపాల్లో ఉంది. రుసుము కట్టి, ముందుగా చెప్పుకుంటే, మీరు పుట్టిన సంవత్సరపు పీపా నుంచే తీసి పోస్తారు. పాకంలా చిక్కని ఆ నాలుగు చుక్కలకు ఖర్చు ఎక్కువనిపించినా, వెళ్లినవారు వదులుకోవద్దని చెబుతాను. అక్కడికి వెళ్లే రోడ్డు పొడవునా ఆర్థిక మాంద్యపు రోజుల్లో పనివారి చేత నాటించిన ఖర్జూరపు చెట్ల బారులున్నాయి.

కూనవారా అడిలైడ్‌కు ఆగ్నేయంగా 380 కిలోమీటర్ల దూరంలో ఉంది. నేల చూడాలన్న పట్టుదల లేనివారికి ఆ ప్రయాణం విసుగే. దారి పొడవునా చదునైన పొలాలు, సందెవేళ రోడ్డుకు అడ్డంగా దూకే కంగారూల భయం. చీకటి పడకముందే, కూనవారా పక్కనున్న పెనోలా ఊరు చేరేలా బయలుదేరాలి. పెనోలాలో గదులు తక్కువ, మా మోటల్ శుభ్రంగా ఉన్నా రాత్రి ఎనిమిది దాటాక ఊళ్లో భోజనం దొరకడం కష్టమైంది. శాకాహారులు ఏదో ఒకటి వెంట తెచ్చుకోవాలి. మూడు కోణాల పైకప్పు గల విన్స్ భవనం దగ్గర నేలను నిలువుగా కోసి చూపిస్తారు. పైన కుంకుమ రంగు మట్టి పలుచని పొర, ‘టెర్రా రోసా’ అంటే అదే. దాని కింద తెల్లటి సున్నపురాయి. వేళ్లు ఆ రాతి పగుళ్లలోకి దిగి ఉన్నాయి. తనుండాలో గ్లాసులో చూసిన బిగువుకు చల్లని దక్షిణపు గాలి, నీటిని నిలవనివ్వని ఈ నేల రెండూ కారణాలే.

కొనుగోలు గురించి రెండు మాటలు. 1998 సీసాలు తోటల అమ్మకపు గదుల్లో సాధారణంగా ఉండవు, వేలం సంస్థల దగ్గరా పాత వైన్ల దుకాణాల్లోనే దొరుకుతాయి. సీసాలో వైన్ మట్టం మెడ దాకా ఉందా, భుజం దగ్గరికి దిగిందా చూడాలి. దిగితే బిరడా గాలి పీల్చిందని అర్థం. 2022 డిసెంబరులో అమలైన ఒప్పందంతో ఆస్ట్రేలియా వైన్ల మీద మన దిగుమతి సుంకం కొంత తగ్గినా, పాత సీసాలు ఇక్కడి దుకాణాలకు రావడం అరుదు కనుక చేత్తో తెచ్చుకోవడమే నయం. సుంకం లేకుండా తేదగినది మనిషికి రెండు లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే. నేను సెయింట్ హెన్రీ, మౌంట్ ఎడెల్‌స్టోన్ తెచ్చుకున్నాను. ప్రయాణంలో కదిలిన మడ్డి తేరుకోవడానికి కొన్ని వారాలు వాటిని ముట్టుకోకూడదు. హైదరాబాద్ మే నెల ఎండలో అలమరలో దాస్తే ఒక్క వేసవికే పాడవుతాయి కనుక, పదమూడు, పద్నాలుగు డిగ్రీల దగ్గర నిలిపే పెట్టె ఇంట్లో లేనివారు ఇంతదూరం నుంచి పాత సీసాలు మోసుకురావద్దు, అక్కడే తాగి రావడం మంచిది.