ఆర్టీపీపీ: బొగ్గా, అణువా?

ఎర్రగుంట్ల, ముద్దనూరు మధ్య రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్టీపీపీ) లావుపాటి కూలింగ్ టవర్లు కనిపించగానే బస్సులో ఎవరో ఒకరు మొదలుపెడతారు: "పేరుకే థర్మల్ అన్నా, లోపల అణువే. తుమ్మలపల్లె యురేనియం ఇక్కడికే వస్తాది." కడప జిల్లాలోనే గని ఉంది కాబట్టి అనుమానం రావడం సహజమే. బొగ్గుతో నడిచే థర్మల్ కేంద్రాన్ని, అణుకేంద్రాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాం.

టవర్లు: రెండింటికీ ఉండొచ్చు. పైకి పోయేది నీటి ఆవిరి. దీంతో ఏమీ తేలదు.

పొగ: బొగ్గుకు ఆకాశమంత పొగగొట్టం కావాలి. అణుకేంద్రంలో కాల్చేదే లేదు, పొగెక్కడిది?

ఇంధనం: గుట్టు తేలేది ఇక్కడే. 210 మెగావాట్ల యూనిట్ ఒక్కటి రోజంతా పూర్తిగా నడిస్తే సుమారు 3 వేల టన్నుల బొగ్గు తింటుంది. ఇక్కడ అలాంటివి 5, పైన 600 మెగావాట్లది ఒకటి. అన్ని రైళ్ల బొగ్గును నాటకం కోసం ఎవరు తెప్పిస్తారు? అణువుకైతే లారీలు చాలు. పైగా తుమ్మలపల్లె సరుకు నేరుగా పొయ్యిలో పెట్టేది కాదు, ఇంధన కడ్డీలు తయారయ్యేది హైదరాబాదులో.

మిగిలేది: బొగ్గుకు బూడిద గుట్టలు. సిమెంటుకు, ఇటుకలకు పోగా ఇంకా మిగులుతుంది. అణువుకు కొద్దిపాటి వాడిన ఇంధనమే, కానీ దాన్ని ఏళ్ల తరబడి నీటిలో కాపాడాలి.

ఖర్చు: అణువుకు కట్టేటప్పుడు, బొగ్గుకు నడిపేటప్పుడు.

ప్రమాదం: బొగ్గుది రోజూ పీల్చే దుమ్ము. అణువుది అరుదు, జరిగితే మాత్రం ఊళ్లు ఖాళీ.

బొగ్గు వ్యాగన్లు, బూడిద చెరువు ఉంటే థర్మలే. అవేవీ లేకుండా మందపాటి కాంక్రీటు గోపురం కనిపిస్తే అప్పుడు అణువు మాట ఎత్తొచ్చు. ఇక్కడైతే రైల్వే గేటు దగ్గర ఆగి వ్యాగన్లు లెక్కపెట్టండి.