ఒకే డిస్క్‌లో విండోస్, లినక్స్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఒకే ఎస్‌ఎస్‌డీ మీద విండోస్, లినక్స్ రెండూ పెట్టుకుని కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. ఈలోపు లినక్స్ డిస్ట్రో (లినక్స్‌లో ఒక రకం) మార్చాను, విండోస్ 10 నుంచి 11కి వెళ్లాను, పార్టిషన్లు (డిస్క్‌లో విడగొట్టుకున్న భాగాలు) మాత్రం మొదట వేసుకున్నవే నడుస్తున్నాయి. ఇన్‌స్టాల్ చేయడం గంట పని, దేనికి ఎంత చోటు ఇచ్చామన్నదే ఏళ్లపాటు మనతో ఉంటుంది, కాబట్టి ఆలోచించాల్సిందంతా అక్కడే.

సీ డ్రైవ్‌ని తగ్గించే పని విండోస్‌లోంచే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఉండే ష్రింక్ వాల్యూమ్‌తో చేయండి. సగం డిస్క్ ఖాళీగా కనిపిస్తున్నా అది ఒక్కోసారి కొద్ది జీబీలే ఇస్తానంటుంది. పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు, ఇలా కదపడానికి వీల్లేని ఫైళ్లు మధ్యలో అడ్డుపడటమే దానికి కారణం. ఆ మూడూ కాసేపు ఆపేసి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూస్తే నాకు కావాల్సినంత చోటు దొరికింది. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉంటే రికవరీ కీని వేరే చోట రాసి పెట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, బూట్ సెట్టింగ్స్ మారినప్పుడు అది కీ అడగొచ్చు.

మిగతాదంతా లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) నుంచి, పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ అనే ప్రోగ్రామ్‌తో చేశాను. దీని మీద నాకు నిజంగా గురి కుదిరింది. మనం చెప్పిన మార్పులన్నీ వరసలో పెట్టుకుంటుంది, అప్లై నొక్కేదాకా డిస్క్‌ని ముట్టుకోదు, కాబట్టి తీరిగ్గా రెండోసారి చూసుకోవచ్చు. పార్టిషన్ ఎడమ అంచుని జరపడం మాత్రం వీలైనంత వరకు వద్దు. అలా చేస్తే లోపలి డేటా మొత్తం కదలాలి, గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. ఏం చేసినా ముందు బ్యాకప్ వేరే డిస్క్‌లో ఉండాలి.

లినక్స్ సిస్టమ్ ఉండే రూట్ పార్టిషన్‌కి 50 జీబీ ఇచ్చాను, ఇప్పటికీ సరిపోతోంది. మన ఫైళ్లు ఉండే హోమ్‌ని విడిగా పెట్టడం నేను తీసుకున్న అన్ని నిర్ణయాల్లోకీ మంచిది, డిస్ట్రో మార్చినప్పుడు రూట్ ఒక్కటే ఫార్మాట్ చేశాను, ఫైళ్లూ సెట్టింగ్స్ ఎక్కడివక్కడే ఉన్నాయి. స్వాప్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ చోటు) పార్టిషన్ పెట్టలేదు, స్వాప్ ఫైల్ చాలు, సైజు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఫైల్ సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లని అమర్చే పద్ధతి) ఈఎక్స్‌టీ4. ఎక్స్‌ఎఫ్‌ఎస్ కూడా బాగుంటుంది గానీ దాన్ని తర్వాత తగ్గించడం కుదరదు, ఒకే డిస్క్‌ని పంచుకునే చోట అది పెద్ద ఇబ్బంది.

ఫోటోలు, డాక్యుమెంట్లు రెండు వైపులా కావాలి కాబట్టి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌తో ఒక పార్టిషన్ ఉంచాను. ఇది హాయిగా నడవాలంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాల్సిందే. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం హైబర్నేషన్‌లో ఉంటుంది, అప్పుడు లినక్స్ ఆ పార్టిషన్‌ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవనంటుంది. సేవ్ ఎందుకు కావట్లేదో తెలియక పడే టెన్షన్ చాలావరకు దీని వల్లే. రెండింటిలో టైమ్ తేడా రావడం చిన్న విషయం, విండోస్ హార్డ్‌వేర్ గడియారాన్ని లోకల్ టైమ్‌గా, లినక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం) చూస్తాయి, ఒక వైపు సెట్టింగ్ మారిస్తే సరి.

కంప్యూటర్ ఆన్ కాగానే చూసే బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్ విండోస్ వేసిందే, 100 ఎంబీ. ఏ సిస్టమ్ తెరవాలో అడిగే లినక్స్ బూట్‌లోడర్ గ్రబ్‌కి అది చాలు, కెర్నల్స్ (లినక్స్ అసలు కోర్ ఫైళ్లు) కూడా అందులోనే పెట్టే బూట్‌లోడర్ వాడితే త్వరగా నిండిపోతుంది.

మెషీన్‌లో రెండో ఎస్‌ఎస్‌డీకి చోటుంటే ఈ శ్రమంతా పడొద్దు, లినక్స్‌ని దాని మీదే పెట్టుకోండి. ఒకే డిస్క్‌తో సర్దుకోవాల్సి వస్తే ఈ పద్ధతి నిశ్చింతగా వాడొచ్చు. ఎప్పుడైనా లినక్స్ తీసేయాలనుకుంటే మాత్రం ముందు బయోస్‌లోకి వెళ్లి విండోస్ బూట్ మేనేజర్‌ని పైకి తెచ్చి, ఆ తర్వాతే పార్టిషన్లు డిలీట్ చేయండి, లేదంటే కంప్యూటర్ గ్రబ్ ఎర్రర్ స్క్రీన్ దగ్గరే ఆగిపోవచ్చు.