కాల్చమంటే కాల్చనివాళ్లు: సోల్జెనిత్సిన్ ‘ఇన్విజిబుల్ అలైస్’

సోవియట్ ప్రభుత్వం నిషేధించిన రష్యన్ రచయిత సోల్జెనిత్సిన్ రాతల్ని అక్కడి రహస్య పోలీసు కేజీబీ కంటపడకుండా దాచినవాళ్ల గురించి ఆయనే రాసిన పుస్తకం ఇది. 1974లో దేశం నుంచి గెంటేశాక చాలాభాగం రాసేసినా, అచ్చుకు ఇవ్వలేదు. పేర్లు బయటపడితే అక్కడ మిగిలినవాళ్ల గతేమిటి? రష్యన్‌లో 1991లో ‘నోవీ మీర్’ పత్రికలో వచ్చింది. ఇంగ్లీషు పుస్తకాన్ని 1995లో కౌంటర్‌పాయింట్ వేసింది.

పుస్తకానికి ప్రాణం పనితనం గురించిన వివరాలే. కజకిస్తాన్‌లోని కోక్-తెరెక్‌లో ప్రవాసశిక్షలో ఉన్న డాక్టరు జూబొవ్, అడుగున దొంగ అర ఉన్న ప్లైవుడ్ పెట్టె చేసిపెడతాడు. తర్వాత రచయిత పద్ధతి స్థిరపడింది: పల్చటి కాగితం, రెండువైపులా టైపు, మార్జిన్ వదలకూడదు, లైన్ల మధ్య ఖాళీ ఉండకూడదు, టైపయ్యాక చిత్తుప్రతి పొయ్యిలోకి. కట్ట ఎంత పల్చనైతే దాచే చోటు అంత సులువుగా దొరుకుతుంది.

ఎస్టోనియా అధ్యాయం అన్నిటికన్నా బాగుంది. 1945లో మాస్కో లుబ్యాంకా జైలుగదిలో పరిచయమైన లాయరు ఆర్నాల్డ్ సూసీ కుటుంబం, వాళ్ల స్నేహితులు కలిసి తార్తు దగ్గర ఒక పొలంలో ఆయనకు చోటు చూపించారు. సోవియట్ నిర్బంధ శిబిరాల మీద ఆయన రాసిన ‘గూలాగ్’లో ఎక్కువ భాగం అక్కడే, రెండు చలికాలాల్లో తయారైంది: మొదట 65 రోజులు, మరుసటి ఏడు 81. అసలు రాతప్రతిని సూసీ కూతురు హేలీ సోవియట్ పాలన పోయేదాకా దాచింది. ఆ పుస్తకం రాసినంతకాలం మొత్తంగా ఒక్కసారి కూడా ఒకే బల్లమీద లేదంటే నమ్మబుద్ధి కాదు. 1968 వసంతంలో మాస్కోకు దూరంగా ఒక దాచాలో (ఊరిబయటి వేసవి ఇంట్లో) ముగ్గురు ఆడవాళ్లు చివరి ప్రతి టైపు చేశారు, దాన్ని మైక్రోఫిల్ముకెక్కించారు, జూన్‌లో అది సరిహద్దు దాటింది.

ఇంత పకడ్బందీగా ఉన్నా ఎక్కడ తెగింది? 1965 సెప్టెంబరు 7న ‘నోవీ మీర్’ నుంచి రచయిత తన నవల ప్రతుల్ని వెనక్కి తెచ్చుకుని స్నేహితుడు తెయుష్ ఇంట్లో పెట్టాడు. 11న అక్కడ కేజీబీ సోదా. అదే రోజు తెయుష్ తన మిత్రుడి దగ్గర ఉంచిన పాత రాతలు కూడా దొరికిపోయాయి. ఇక లెనిన్‌గ్రాద్ టైపిస్టు వొరొన్యాన్‌స్కయా. తన దగ్గరున్న ‘గూలాగ్’ ప్రతిని కాల్చెయ్యమంటే కాల్చేశానని చెప్పింది, కాల్చలేదు. 1973 ఆగస్టులో అయిదు రోజులు విచారించారు. దాచిన చోటు చెప్పేసింది. తర్వాత ఉరికి వేలాడుతూ కనిపించింది. ఆ ప్రతి దొరికిందని తెలిశాకే రచయిత పారిస్‌లో అచ్చు మొదలుపెట్టమన్నాడు, డిసెంబరు చివర మొదటి సంపుటం వచ్చేసింది. ఈ అధ్యాయంలో ఆమెపట్ల ఆయన కోపం, జాలి రెండూ ఒకే పేరాలో కలబడతాయి. నాకైతే జాలి కాస్త తక్కువైందనే అనిపించింది. రాతని ప్రేమించిన మనిషిని దాన్ని కాల్చమంటే ఎలా?

లోపాలూ ఉన్నాయి. మొదటి భార్య ప్రస్తావన వచ్చినచోటల్లా ఆయన గొంతు చేదెక్కుతుంది. అధ్యాయానికో మనిషి కాబట్టి కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది, 1965 సోదా పదేపదే వస్తుంది. పేర్లు మరీ గందరగోళం: లూషా అన్నా యెలెనా త్సెజారెవ్నా అన్నా ఆయనకు సాయపడ్డ చుకోవ్‌స్కయానే. పక్కన ఒక కాగితం పెట్టుకుని పేర్లు రాసుకుంటే మేలు. సోవియట్ ప్రభుత్వ ప్రచురణసంస్థలు ప్రగతి, రాదుగ వేసిన తెలుగు పుస్తకాలతో రష్యన్ పేర్లకు అలవాటుపడ్డవాళ్లకు ఇది అంత కష్టం కాకపోవచ్చు. ఆ అరల్లో ఈయన పుస్తకం మాత్రం వెతక్కండి.

ఇది ఆయన ఆత్మకథాత్మక రచన ‘ది ఓక్ అండ్ ది కాఫ్’కు అనుబంధం. అది చదవకుండా దీన్ని మొదటి పేజీ నుంచి పట్టుకుంటే మధ్యలో వదిలేస్తారు. అంత ఓపిక లేకపోతే జూబొవ్, ఎస్టోనియన్లు, వొరొన్యాన్‌స్కయా అధ్యాయాలు ఈ వరసలో చదవండి. రాతల్ని సరిహద్దు దాటించిన విదేశీయుల భాగం ఆఖర్న పెట్టుకోవచ్చు. అందులో కట్టలు చేతులు మారడమే ఎక్కువ, మనుషులు తక్కువ.