రీకండిషన్ టర్బో కొనేవాళ్లు కాస్త జాగ్రత్త

రాణిగంజ్‌లో టర్బోలు, అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరాలు, రీకండిషన్ చేసి అమ్మే ఆ మహానుభావుడు మీలో చాలామందికి తెలిసే ఉంటాడు. పేరు రాయను. మేం సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానంలో రోటాక్స్ 914 ఇంజిన్ ఉంది. దాని టర్బో కోసం ఈయన చేతిలో 85 వేలు పోశాం. దేనికో ముందే చెప్పాం. విమానం ఫొటో పంపితే తన వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాడు.

నేల మీద రన్ చేస్తే బూస్ట్, అంటే టర్బో ఇవ్వాల్సిన గాలి ఒత్తిడి, రాదు, సైలెన్సర్‌లోంచి నీలం పొగ. ఫోన్ చేస్తే "మీ ఫిట్టింగే చూస్కోన్రి" అన్నాడు. చూసుకున్నాం. బూస్ట్‌ను అదుపు చేసే వేస్ట్‌గేట్ అనే తలుపు కేబుల్ ఎక్కడా పట్టెయ్యలేదు. గొట్టాల్లో లీకు లేదు. ఈ ఇంజిన్లో టర్బో నుంచి దిగే ఆయిల్‌ను పంపు వెనక్కి లాగాలి, లాగకపోతే మంచి టర్బో కూడా సీలు దాటి ఆయిల్ కక్కుతుంది. అదీ బాగానే ఉంది. ఇక టర్బో విప్పితే గాలిని నెట్టే కంప్రెసర్ చక్రం రెక్కల అంచులు అరిగిపోయి ఉన్నాయి, హౌసింగ్ లోపల గీతలు. ఆ గీతల్లో సిల్వర్ పెయింట్! అంటే మాకు అమ్మకముందే గీసుకుపోయిందన్నమాట.

తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను. చక్రాన్ని వేలితో గిర్రున తిప్పి "ఎంత ఫ్రీగా తిరుగుతుందో చూడన్నా" అన్నాడు. షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరుగుతోంది కదా అంటే "ఆయిల్ ఎక్కితే సెట్ అయితది" అట. పక్కలకు కాస్త ఊగితే ఆ మాట నిజమే, బుష్ బేరింగ్‌లో ఆయిల్ పొరే షాఫ్ట్‌ను మోస్తుంది. పొడవునా చేతికి తెలిసేలా జరిగితే మాత్రం షాఫ్ట్‌ను ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపే థ్రస్ట్ బేరింగ్ పోయినట్టే. అది వాడికి తెలియదా? చక్రం వణక్కుండా సమంగా తిరుగుతుందని చూపే బ్యాలెన్సింగ్ రిపోర్టు అడిగితే జిరాక్స్ ఇచ్చాడు, దాని మీద సీరియల్ నంబరు వేరే టర్బోది. నిమిషానికి లక్ష చుట్లు దాటే చక్రానికి!

చివరికి అసలు మాట వచ్చింది. "ఫ్లైట్‌కు పెడ్తవని నాకేం ఎరుకన్నా? నేను లారీలకిచ్చేటోణ్ణి." మా విమానాన్ని స్టేటస్‌లో పెట్టుకున్న మనిషి! పక్కన కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. డబ్బు వాపసు లేదట, ఇంకో 20 వేలిస్తే వేరే కోర్, అంటే లోపలి షాఫ్ట్, చక్రాల సెట్టు, వేస్తాడట. లారీ అయితే రోడ్డు పక్కన ఆపుతారు, నేనెక్కడ ఆపాలి, నాదర్‌గుల్ మీద మబ్బుల్లోనా?

"మన మధ్య బిల్లేందన్నా" అంటే తలూపిన నా తెలివికి ఓ దండం. యూపీఐ రసీదు ఉంది కాబట్టి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు పెడుతున్నాను.

కొనేవాళ్లు చక్రం తిప్పి చూసి మురిసిపోకండి, షాఫ్ట్‌ను పట్టుకుని లాగి చూడండి. రిపోర్టులోని నంబరు, టర్బో ప్లేటు మీది నంబరు ఒకటేనా అనేది అక్కడే, వాడి ఎదురుగానే చూసుకోండి.